చీవరం, భిక్షాపాత్ర, నైట్ డ్యూటీ

బెంగళూరు నుంచి హైదరాబాదు పోయే 44వ నంబరు జాతీయ రహదారి చిక్కబళ్లాపురాన్ని ఆనుకుని, బాగేపల్లి మీదుగా సాగి ఆంధ్ర సరిహద్దు దాటుతుంది. 2023 అక్టోబర్ 26 పొద్దున, మంచు కమ్మిన వేళ, చిక్కబళ్లాపురం దగ్గర ఆగివున్న ట్యాంకరును ఒక సుమో గుద్దుకుని 13 మంది చనిపోయారు. ఇలాంటి వార్తల్లో పోలీసు అధికారి మాట ఉంటుంది, పరిహారం అంకె ఉంటుంది, డ్రైవరుకు దారి ఎందుకు కనబడలేదన్న చర్చ ఉంటుంది. అలాంటి పొద్దున డ్యూటీ అప్పజెప్పి ఇంటికి పోవాల్సిన నైట్ నర్సు ఏ పూటకు ఇల్లు చేరిందో మాత్రం ఎక్కడా ఉండదు.

చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి పటంలో కర్ణాటకవే. సంతకు పోతే చెవినపడేది చాలావరకు తెలుగు. ఆస్పత్రిలో కేసు షీటు కన్నడంలోనో ఇంగ్లీషులోనో నిండుతుంది, ‘‘యాడమ్మా నొప్పి?’’ అని అడిగేది మాత్రం తెలుగులో. 2007లో కోలారు నుంచి విడిపడి జిల్లా అయిన ఈ ప్రాంతంలో నర్సింగ్ చదివిన అమ్మాయికి ఎదురుగా కనిపించే దారులు నాలుగు. తాలూకా ఆస్పత్రిలో కాంట్రాక్టు ఉద్యోగం, ఊళ్లోని చిన్న నర్సింగ్ హోమ్, బస్సెక్కితే పూటలోపు చేరే బెంగళూరు కార్పొరేట్ ఆస్పత్రి, ఆ దారి మధ్యలోనే ఉన్న దేవనహళ్లి విమానాశ్రయం నుంచి విదేశాలు. అయిదో దారి ఒకటుంది. దాన్ని ఎవరూ దారి అనరు, ‘మానేసి ఇంట్లో ఉంది’ అంటారు.

మానెయ్యాలని ఎందుకు అనిపిస్తుందన్నది రహస్యమేమీ కాదు. జీతం చాలదు. ఇద్దరు చేయాల్సిన వార్డు ఒక్కరి మీద పడుతుంది. పక్క డ్యూటీ మనిషి రాకపోతే డబుల్ డ్యూటీ. నెలలో వారం పది రోజులు నైట్లు, ఆ మర్నాడు నిద్రపోనివ్వని ఇల్లు. మందు స్టాకు లేదన్న తిట్లు, డాక్టరు రాలేదన్న తిట్లు, బెడ్డు ఖాళీ లేదన్న తిట్లు, అన్నీ కౌంటరు దగ్గర నిలబడిన నర్సుకే. ఆస్పత్రి సిబ్బంది మీద చెయ్యి చేసుకునేవాళ్ల కోసం కర్ణాటక 2009లోనే ప్రత్యేక చట్టం చేసుకోవాల్సి వచ్చిందంటే సంగతి అర్థమవుతుంది. కాంట్రాక్టు మనిషికైతే ఏటా ఏప్రిల్ వస్తుందంటే రెన్యువల్ భయం.

ఇవి లెక్క తేలే కారణాలు. తేలనిది ఇంకొకటుంది. ఆమె మానేస్తానని నోరు తెరిచి అనగానే ఇంట్లో పెద్దవాళ్లు, వార్డులో పెద్ద సిస్టరు, అలవాటైన పాత పేషెంటు, చివరికి యజమాని కూడా ఒకే మాట అందుకుంటారు: ‘‘ఇది పుణ్యమున్న పనమ్మా, ఇట్లా వదలకూడదు.’’ లెక్చరరు మానేస్తే, బ్యాంకు గుమస్తా మానేస్తే ఎవరూ పాపపుణ్యాల ఊసెత్తరు. నర్సు దగ్గరికి వచ్చేసరికి రాజీనామా కాగితం ధర్మశాస్త్రం ముందు నిలబడుతుంది. కాబట్టి ఆ శాస్త్రాన్నే తెరిచి చూడటం మంచిది. పుణ్యం మాట ఎత్తినవాళ్లు అందులో సగమే చదివి చెబుతున్నారేమోనన్న అనుమానం రావడం సహజం.

చింతామణి తాలూకాలోని కైవారంలో వదిలిపెట్టడాన్ని కొలిచే ఆనవాయితీ ఒకటుంది. కైవార తాతయ్యగా ఈ సీమంతా పిలుచుకునే యోగి నారేయణుడు గాజులమ్ముకునే మనిషి. వ్యాపారం కూడిరాక, ఇంట్లో మాట పడి, గురువు ఇచ్చిన గులకరాయి నోట పెట్టుకుని గుహలో జపం చేస్తే ఆ రాయి కలకండ అయిందని కథగా చెప్పుకుంటారు. ఆయన తెలుగులోనూ కన్నడంలోనూ పాడిన కీర్తనలు ఇప్పటికీ భజనల్లో వినిపిస్తాయి. గాజుల మలారం దింపేసిన మనిషిని ఊరు తాతయ్యను చేసుకుంది. ఆయన వదిలిన దానికన్నా పెద్దది పట్టుకున్నాడు కదా అనవచ్చు, నిజమే. కానీ వదలడమనే పని దానంతట అది పాపమని మాత్రం ఈ నేల ఎన్నడూ అనలేదు. ఏది వదిలారు, ఎందుకు వదిలారు అన్నదే ఎప్పుడూ ప్రశ్న.

ఆ ప్రశ్నను అన్నిటికన్నా సూటిగా వేసుకున్నది భగవద్గీత 18వ అధ్యాయం. వదలడం మూడు రకాలని అక్కడ ఉంది. చేయాల్సిన పనిని మోహంతో వదిలితే తామసం. ఒళ్లు నొస్తుందన్న భయంతో వదిలితే రాజసం, దాని వల్ల త్యాగఫలం దక్కదు. పనిని వదలకుండా, పని మీది మమకారాన్నీ ఫలాన్నీ వదిలితే సాత్త్వికం. నర్సును ఆపదలచినవాడికి ఇంతకన్నా మంచి ఆయుధం దొరకదు. కాళ్లు వాచాయనీ నిద్ర చాలదనీ మానేస్తానంటోంది కాబట్టి ఆమెది రాజస త్యాగమేనని ఒక్క శ్లోకంతో తేల్చేయవచ్చు.

అయితే ఆ శ్లోకాలు ‘నియతమైన’ కర్మ గురించి మాట్లాడుతున్నాయి. వార్డులో నియతమైనదేదో చెప్పే కాగితాలూ ఉన్నాయి. భారత నర్సింగ్ కౌన్సిల్ లెక్కలో బోధనాసుపత్రి సాధారణ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మామూలు ఆస్పత్రిలో అయిదుగురికి ఒకరు ఉండాలి, సెలవుల కోసం ఇంకో 30 శాతం మంది అదనంగా ఉండాలి. రాత్రి పూట ఒక్కతే వార్డంతా చూసుకునే మనిషి చేస్తున్నది నియత కర్మ కాదు, అనియత కర్మ. ఇంకో సంగతి. అదే గీత 6వ అధ్యాయం మరీ ఎక్కువ నిద్రపోయేవాడికీ మరీ మేలుకొని ఉండేవాడికీ యోగం కుదరదని తేల్చి చెబుతుంది. తిండి, నిద్ర, మెలకువ, పని అన్నీ తగుమాత్రంగా ఉన్నవాడికే యోగం దుఃఖం పోగొడుతుందట. కర్మయోగం పేరు చెప్పి వరుసగా మూడో నైటు వేసే సూపరింటెండెంటు ఈ అధ్యాయం దగ్గరికి వచ్చేసరికి పేజీలు గబగబా తిప్పేసి ఉండాలి.

వైద్యశాస్త్రం దగ్గరికి వద్దాం. చరక సంహిత సూత్రస్థానం 9వ అధ్యాయం చికిత్సకు నాలుగు పాదాలంటుంది: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. ఒక్కో పాదానికి నాలుగు గుణాల చొప్పున పదహారు. పరిచారకుడికి శుశ్రూష తెలిసి ఉండాలి, చేతిలో నేర్పుండాలి, అనురాగం ఉండాలి, శుచి ఉండాలి. నర్సింగ్ కాలేజీల ఉపన్యాసాల్లో ఇంతవరకు వినిపిస్తుంది. మిగతా పాదాల సంగతి? ఔషధానికి చెప్పిన గుణాల్లో మొదటిది సమృద్ధి, అంటే సరిపడా ఉండటం. రోగికి చెప్పిన గుణాల్లో చెప్పినట్టు వినడం, ధైర్యం, తన బాధను సరిగ్గా చెప్పగలగడం ఉన్నాయి. అంటే రోగికీ బాధ్యత పెట్టాడు, మందుల గదికీ పెట్టాడు. వైద్యుడికి శాస్త్రపరిజ్ఞానం, అనుభవం, నేర్పు, శుచి ఉండాలన్నాడు. నాలుగు కాళ్ల మీద నిలబడాల్సిన మంచానికి మూడు కాళ్లు విరిగితే, నాలుగోదానికి అనురాగం ఎక్కువగా ఉండాలని ఏ అధ్యాయంలోనూ లేదు.

ఇక ఈ విషయంలో ఏ గ్రంథమూ బౌద్ధ భిక్షువుల నియమాలు చెప్పే వినయపిటకంలోని మహావగ్గమంత దూరం పోలేదు. అందులో 8వ ఖండకంలోని కథ చాలామందికి తెలిసినదే. ఒక భిక్షువు విరేచనాలతో నీరసించి తన మలమూత్రాల్లోనే పడి ఉంటాడు. బుద్ధుడు ఆనందుడితో కలిసి అటు వచ్చి చూసి, నీళ్లు తెప్పించి, ఆయన నీళ్లు పోస్తుంటే ఆనందుడు కడిగి, ఇద్దరూ కలిసి ఎత్తి మంచం మీద పడుకోబెడతారు. తర్వాత భిక్షువులను కూర్చోబెట్టి, ఎందుకు చూడలేదని అడుగుతాడు. అతని వల్ల మాకు ఉపయోగం లేదు, అందుకని చూడలేదు అంటారు వాళ్లు. ఎంత నిజాయితీగల జవాబు! మీకు తల్లీ లేదు తండ్రీ లేడు, ఒకరినొకరు చూసుకోకపోతే ఇంకెవరు చూస్తారు, నాకు సేవ చేయదలచినవాడు రోగికి చేయాలి అని బుద్ధుడు చెప్పినట్టు ఆ కథ. ప్రపంచమంతా నర్సుల దినోత్సవాల్లో చెప్పుకోదగ్గ కథ ఇది, చెప్పుకుంటున్నారు కూడా.

ఆ వెంటనే రోగికి అయిదు మంచి లక్షణాలు, అయిదు చెడ్డ లక్షణాలు వస్తాయి. పథ్యం చేయని, మందు వేసుకోని, ఉన్న బాధ ఉన్నట్టు చెప్పని రోగిని చూసుకోవడం కష్టమని ఆ గ్రంథం మొహమాటం లేకుండా ఒప్పుకుంటుంది. పరిచారకుడికీ అయిదు చెబుతుంది. మందు సిద్ధం చేయడం రావాలి, ఏది పడుతుందో ఏది పడదో తెలియాలి, మలమూత్రాలూ ఉమ్మీ వాంతీ ఎత్తడానికి అసహ్యపడకూడదు, మంచి మాటలతో ఊరట కలిగించాలి, మైత్రితో చేయాలి తప్ప లాభం చూసుకుని చేయకూడదు. లాభం చూసుకోకూడదన్న ఈ ముక్కను పట్టుకుని ఆగిపోయేవాళ్లే ఎక్కువ.

తర్వాతి భాగం కూడా చదవాలి. ఇద్దరు భిక్షువులు చూసుకుంటూ ఉండగా ఒక రోగి చనిపోతాడు. అతని చీవరమూ, అంటే కట్టుకునే గుడ్డా, భిక్షాపాత్రా ఏం చేయాలన్న ప్రశ్న వస్తుంది. చనిపోయినవాడి వస్తువులకు సంఘమే యజమాని, అయినా రోగిని చూసుకున్నవాళ్లు ఎంతో ఉపకారం చేసినవాళ్లు, కాబట్టి చీవరం, పాత్ర వాళ్లకు ఇవ్వాలని బుద్ధుడు నియమం పెడతాడు. దాన్నెలా ప్రకటించాలో, సంఘం ముందు ఏ మాటలతో ఇవ్వాలో కూడా పద్ధతి రాసి ఉంది. అంతటితో ఆగలేదు. రోగిని చూసినవాళ్లలో ఒకడు ఇంకా పూర్తి భిక్షువు కాని సామణేరుడైతే? అతనికీ సమానమైన వాటా ఇవ్వాలన్నాడు.

ఆలోచిస్తే ఇదంత చిన్న సంగతి కాదు. లాభం కోసం చేయకు అన్నది చేసేవాడికి చెప్పిన మాట. వాటా ఇవ్వండి అన్నది సంఘానికి చెప్పిన మాట. రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి, ఒకదాన్ని చూపి ఇంకోదాన్ని తప్పించుకునే వీలు లేకుండా. నిష్కామం నర్సు గుణం కావచ్చు, దాన్ని బాకీ ఎగ్గొట్టడానికి సాకుగా వాడుకునే హక్కు ఆస్పత్రికి లేదు. ఇక సామణేరుడి వాటా దగ్గర ఆగి, మన కాంట్రాక్టు వ్యవస్థను చూడండి. ఒకే వార్డులో, ఒకే రోస్టరు కింద, ఒకే ఇంజెక్షను వేసే ఇద్దరిలో ఒకరిది పర్మనెంటు జీతం, ఇంకొకరిది అందులో చిన్న ముక్క. 2016 అక్టోబర్ 26న సుప్రీంకోర్టు పంజాబ్ ప్రభుత్వం, జగ్జీత్ సింగ్ కేసులో తాత్కాలిక ఉద్యోగులకూ సమాన పనికి సమాన వేతనం వర్తిస్తుందంది. రెండున్నర వేల ఏళ్ల కిందటి సన్యాసుల సంఘం ఒక పాత గుడ్డ పంపకంలో తేల్చుకున్న విషయం అది.

ఇతర మతాల్లోనూ ఇదే పోలిక కనిపిస్తుంది. లూకా సువార్తలోని మంచి సమరయుడి కథలో దెబ్బలు తిన్నవాడికి కట్లు కట్టి, గాడిద మీద ఎక్కించి సత్రానికి చేర్చింది సమరయుడే. మర్నాడు అతను తన దారిన పోతాడు. పోతూ పోతూ పూటకూళ్లవాడి చేతిలో రెండు దేనారాలు పెట్టి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు ఇస్తానంటాడు. ఆ తర్వాతి రాత్రులు మేలుకున్నది డబ్బు తీసుకున్న ఆ పూటకూళ్లవాడు. అతని మీద ఎవరూ ప్రసంగం చేయరు, అతన్ని ఉచితంగా చేయమని సమరయుడూ అడగలేదు. ఇస్లామీయ సంప్రదాయం చెప్పే తొలి పరిచారిక రుఫైదా గాయపడ్డవాళ్ల కోసం డేరా వేసి చూసుకున్నదనీ, ఖైబర్ యుద్ధం తర్వాత ఆమెకు సైనికుడితో పాటు వాటా దక్కిందనీ చెబుతారు. చింతామణి దగ్గరి మురుగమల్ల దర్గాకు జబ్బులు నయం కావాలని మతం తేడా లేకుండా జనం వస్తారు. మొక్కు చెల్లించకుండా పోతే మంచిది కాదని వాళ్లకు బాగా తెలుసు.

మరి ఇన్ని గ్రంథాలు ఇంత స్పష్టంగా చెబుతుంటే నర్సు పనికి గౌరవం ఎందుకు రాలేదు? దీనికి జవాబు గ్రంథాల్లో కన్నా ఇళ్లలో దొరుకుతుంది. చరకుడు శుచిని పరిచారకుడి గుణమన్నాడు, సమాజం మాత్రం పరాయి మనిషి మలమూత్రాలు ముట్టేవాళ్లను మైల లెక్కలో చూసింది. పగలంతా మగవాళ్ల మధ్య, రాత్రంతా ఇంటి బయట ఉండే ఆడపిల్ల మీద ఇంకో రకం అనుమానం. ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో ఈ వైపు నర్సింగ్‌ను చేతుల్లోకి తీసుకున్నది ఎక్కువగా మిషన్ ఆస్పత్రులు, క్రైస్తవ కుటుంబాల పిల్లలు. చింతామణి నుంచి తూర్పుగా పోతే వచ్చే మదనపల్లె పక్కన 1915లో వెలసిన ఆరోగ్యవరం క్షయ శానిటోరియం అలాంటిదే. ముట్టుకుంటే అంటుకుంటుందని అయినవాళ్లే దూరం పెట్టిన రోగులను ముట్టుకుని చూసుకోవడం అక్కడి దినచర్య. 1946లో దేశ ఆరోగ్య వ్యవస్థ మీద నివేదిక ఇచ్చిన భోర్ కమిటీ లెక్క తీస్తే దేశం మొత్తానికి ఉన్న నర్సులు దాదాపు 7,000 మంది, అంటే 43,000 జనాభాకు ఒకరు. మొత్తుకుని పొగిడిన పనిని మన ఇంటి పిల్లతో చేయించడానికి మనసొప్పలేదన్నమాట.

ఇప్పుడు ఒప్పుకుంటున్నారు, కర్ణాటక నిండా నర్సింగ్ కాలేజీలే. అయినా పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు ‘‘నైట్ డ్యూటీలు ఉంటాయా?’’ అన్న ప్రశ్న ముందొస్తుంది. కొందరు మానెయ్యడానికి ఆ ప్రశ్నే కారణం.

చదువు పూర్తవుతూ దీపాలు పట్టుకుని విద్యార్థినులు చేసే ప్రమాణం నైటింగేల్ పేరు మీద నడుస్తుంది గానీ, రాసింది ఆమె కాదు. 1893లో అమెరికాలోని డెట్రాయిట్ నర్సింగ్ స్కూల్లో లిస్ట్రా గ్రెటర్ ఆధ్వర్యంలో తయారైంది. పవిత్రంగా బతకడం, రోగి రహస్యం కాపాడటం, డాక్టరుకు విధేయంగా తోడ్పడటం అందులో ఉన్నాయి. వార్డులో ఎంతమంది ఉంటే తన ప్రమాణం నిలబెట్టుకోగలదో మాత్రం లేదు. ప్రమాణం చేసేది ఒక్క పక్షం, వినేవాళ్లు చప్పట్లు కొట్టి వెళ్లిపోతారు.

ఇక్కడ తత్వశాస్త్రం ఒక పనికొచ్చే మాట అందించింది. 1984లో ఆండ్రూ జేమ్‌టన్ అనే అమెరికన్ తాత్వికుడు నర్సుల నైతిక సమస్యల మీద రాసిన పుస్తకంలో ‘నైతిక వేదన’ను నిర్వచించాడు. ఏం చేయాలో తెలియకపోవడం సందేహం. ఏం చేయాలో బాగా తెలిసి, సంస్థ కట్టిన కట్ల వల్ల చేయలేకపోవడం నైతిక వేదన. చాలామంది నర్సులు ఉద్యోగం మానెయ్యాలనుకునేది అలసట వల్లనని బయటివాళ్లు అనుకుంటారు. అలసట నిద్రతో తీరుతుంది. రెండు గంటలకోసారి పక్క మార్చాల్సిన ముసలాయన్ను ఇవాళ కూడా మార్చలేకపోయానన్నది నిద్రతో తీరదు. వీపు మీద బెడ్‌సోరు లేచిన రోజున, అది తన చేతగానితనమని ఫైల్లో పడుతుంది, ఆ రాత్రి వార్డులో ఎంతమంది ఉన్నారన్నది పడదు.

ఇది ఊహ కాదు. నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలోని 168 ఆస్పత్రులను పరిశీలించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక్కో నర్సు మీద ఒక్కో రోగి పెరిగినకొద్దీ శస్త్రచికిత్స అయిన రోగులు 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం, నర్సు పూర్తిగా డస్సిపోయే అవకాశం 23 శాతం పెరిగినట్టు తేలింది. ఈ రెండు అంకెలూ ఒకే కారణం నుంచి పుట్టాయి. కాబట్టి సరిపడా మనుషుల్లేని వార్డులో ‘నీకోసం కాకపోయినా పేషెంటు కోసం ఉండు’ అన్న మాట వినడానికి ఎంత గొప్పగా ఉన్నా, లెక్కలో నిలవదు. ఆ ఏర్పాటు పేషెంటుకూ మేలు చేయడం లేదు. తన చేతుల మీదుగా చెడు జరుగుతోందని తెలిసి అందులోనుంచి తప్పుకునే మనిషిని గీత చెప్పిన రాజస త్యాగి అనడం కష్టం. ఒళ్లు నొస్తుందని కాదు, తన వల్ల ఇంకొకరి ఒళ్లు నొస్తోందని పోతున్నది కదా ఆమె.

దీనికి ఎదురు వాదన బలంగానే ఉంది, దాటవేయకూడదు. ఆమె పోతే ఆ రాత్రి వార్డులో ఉన్న రోగుల గతేమిటి? 2020 మే నెలలో, కోవిడ్ మధ్యలో, కోల్‌కతా ప్రైవేటు ఆస్పత్రుల నుంచి మూడు వందలకు పైగా మణిపురి నర్సులు రాజీనామా చేసి సొంత రాష్ట్రానికి బస్సులెక్కినప్పుడు ఈ ప్రశ్నే లేచింది. అద్దె ఇళ్ల దగ్గర వెలి, రంగును చూసి ముఖాన్ని చూసి అవమానాలు, రక్షణ లేని డ్యూటీ అని వాళ్లు కారణాలు చెప్పారు. కారణాలు నిజమే, వెనక మిగిలిన రోగులూ నిజమే. ఆ ఏడాది మార్చి 22న దేశం కంచాలు మోగించింది, మే 3న ఆస్పత్రుల మీద వైమానిక దళం పూలు చల్లింది. పురాణాల్లో పుష్పవృష్టి గెలిచిన తర్వాత కురుస్తుంది, ఇక్కడ యుద్ధం మధ్యలోనే కురిసి పని అయిపోయిందనిపించింది. కోవిడ్ కోసం తెలంగాణ తీసుకున్న పదహారు వందలకు పైగా నర్సులను 2021 జులైలో తీసేశారు, వాళ్లు హైదరాబాదు రోడ్ల మీద కూర్చున్నారు. కర్ణాటకలో జాతీయ ఆరోగ్య మిషన్ కాంట్రాక్టు సిబ్బంది 2023 ఫిబ్రవరిలో పర్మనెంటు చేయమని బెంగళూరు ఫ్రీడమ్ పార్కులో నెలకు పైగా బైఠాయించారు. వదిలిపోవడం పాపమైతే, వదిలించుకోవడం ఏమిటో కూడా శాస్త్రం చెప్పాలి.

వదలని నర్సుల కథ ఒకటుంది, ఈ దేశంలో అంతకుమించినది లేదు. ఉత్తర కన్నడ జిల్లా హళదీపురం నుంచి ముంబై వెళ్లి కేఈఎం ఆస్పత్రిలో నర్సుగా చేరిన అరుణా శాన్‌బాగ్ మీద 1973 నవంబర్ 27న ఆ ఆస్పత్రిలోనే ఒక వార్డు స్వీపరు దాడి చేసి, గొంతుకు గొలుసు బిగించాడు. ఆమె చావలేదు, తిరిగి తెలివిలోకీ రాలేదు. 2015 మే 18న చనిపోయేదాకా దాదాపు 42 ఏళ్లు అదే ఆస్పత్రిలో మంచం మీద ఉంది. అన్నేళ్లూ తినిపించింది, కడిగింది, పక్క మార్చింది అక్కడి నర్సులు. ఆమెను చావనివ్వమని వేసిన పిటిషన్ మీద 2011 మార్చి 7న తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు ఆ నర్సులను ప్రత్యేకంగా కొనియాడింది. చావనివ్వడానికి వాళ్లు ఒప్పుకోలేదు, ఆమె మా మనిషి అన్నారు.

నిస్వార్థ సేవకు ఇంతకన్నా ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది? అయితే ఆ సేవ ఎలా సాగిందో చూడకుండా దండం పెట్టి పోతే ప్రయోజనం లేదు. వాళ్లు మునిసిపల్ ఉద్యోగులు. జీతం ఉంది, షిఫ్టు ఉంది, సెలవు ఉంది, రిటైరయ్యాక పింఛను ఉంది. అరుణ మీద దాడి జరిగినప్పుడు భద్రత కోసం సమ్మె చేసినవాళ్లు వాళ్లే. మంచం ఖాళీ చేయించడానికి మునిసిపాలిటీ ఆమెను అక్కడి నుంచి తరలించబోతే అడ్డం తిరిగిందీ వాళ్లే. ఇంకా ముఖ్యమైనదేమంటే, 42 ఏళ్లు ఆమెను చూసుకున్న నర్సు అంటూ ఒక్కరు లేరు. 1973లో చూసుకున్నవాళ్లు ఒక్కొక్కరే ఉద్యోగం విడిచి వెళ్లిపోయారు, అరుణ తెలివిలో ఉండగా ఎలా నవ్వేదో ఎన్నడూ చూడని పిల్లలు వచ్చి అదే పక్క మార్చారు. ప్రతి ఒక్కరూ వదిలారు, అరుణను ఎవరూ వదల్లేదు. వదలడం, విడిచిపెట్టడం ఒకటి కాకుండా ఉండాలంటే మధ్యలో అందుకునే చెయ్యి ఉండాలి. ఆ చెయ్యిని సిద్ధంగా ఉంచడం వెళ్లే నర్సు పని కాదు, ఆస్పత్రి పని, దాని వెనకున్న ప్రభుత్వం పని.

కాబట్టి రోగుల గతేమిటన్న ప్రశ్న సరైనదే, అడగాల్సిన మనిషే వేరు. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్ 1995 దాకా సమ్మె చేయకూడదన్న నియమం పెట్టుకున్న సంస్థ. అదే సంస్థ 2022 డిసెంబర్ 15న, తన 106 ఏళ్ల చరిత్రలో ఎన్నడూ లేనంత పెద్ద సమ్మెకు దిగింది. అత్యవసర వార్డుల్లో మనుషులను ఉంచే బయటికి వచ్చారు. వాళ్లు చెప్పిన కారణాల్లో జీతం ఎంత పెద్దదో, వార్డులో మనుషులు చాలక రోగులకు అపాయమన్నదీ అంత పెద్దది.

ఈ సీమలో ఉచిత వైద్యం మీద భక్తి ఎక్కువ, దానికి ఆధారమూ ఉంది. బాగేపల్లి నుంచి దూరం కాని పుట్టపర్తిలో 1991 నవంబర్ 22న మొదలైన సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రిలో బిల్లు కౌంటరే లేదని ఊరూరా చెప్పుకున్నారు. చిక్కబళ్లాపురం పక్కనే, విశ్వేశ్వరయ్య పుట్టిన ముద్దేనహళ్లిలో 2023 మార్చి 25న ప్రధాని ప్రారంభించిన శ్రీ మధుసూదన్ సాయి వైద్య కళాశాలలో చదువూ చికిత్సా ఉచితం. ఇవి గొప్ప పనులు. కానీ రోగికి ఉచితమైనది ఎవరికో ఖర్చే, అక్కడ దాతలు ఇస్తున్నారు. అక్కడ స్వచ్ఛందంగా పనిచేసే సేవాదళ్ మనిషి కొన్నాళ్లు సేవ చేసి తన వ్యాపారం దగ్గరికో పొలం దగ్గరికో తిరిగి పోతాడు. అతనికి ఇది వ్రతం, నర్సుకు ఇదే పొలం. ఇద్దరినీ ఒకే మాటతో పొగిడినప్పుడు ఆమె జీతం గురించి మాట్లాడటం అసభ్యంగా కనిపించడం మొదలవుతుంది.

ప్రైవేటు ఆస్పత్రుల సంగతి వేరే కొస. 2011, 2012లలో ముంబై, ఢిల్లీ, కేరళల్లో నర్సులు సమ్మెలకు దిగినప్పుడు జీతంతో పాటు బయటపడింది బాండ్ల వ్యవహారం. ఒరిజినల్ సర్టిఫికెట్లు యజమాని బీరువాలో పెట్టుకోవడం, మానేస్తే వేలకు వేలు కట్టమనడం. పుణ్యమని చెప్పి ఆపలేనప్పుడు సర్టిఫికెట్లతో ఆపుతారన్నమాట. నర్సుల సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు 2016 జనవరి 29న కమిటీ వేయమంది. ఆ కమిటీ చెప్పిన లెక్క ఇది: 200 పడకలు దాటిన ప్రైవేటు ఆస్పత్రిలో ప్రభుత్వ నర్సుతో సమానంగా జీతం, 100 నుంచి 200 పడకలైతే 10 శాతానికి మించని తగ్గుదల, 50 నుంచి 100 అయితే 25 శాతానికి మించని తగ్గుదల, 50 లోపైతే కనీసం 20,000 రూపాయలు. ఆరోగ్యం రాష్ట్రాల చేతిలోని విషయం కాబట్టి అమలు వాళ్ల మీద పడింది. కేరళ మాత్రం 2018 ఏప్రిల్‌లో ప్రైవేటు నర్సులకు 20,000 కనీస వేతనంగా నోటిఫికేషన్ ఇచ్చింది, అదీ నర్సులు లాంగ్ మార్చ్ చేస్తామన్నాక.

చింతామణిలాంటి ఊళ్లో ముప్పై పడకల నర్సింగ్ హోమ్ నడిపే డాక్టరుకూ ఒక వాదన ఉంటుంది. టమాటా రేటు పడిపోయిన నెలలో రైతు దగ్గర ఎక్కువ తీసుకోలేను, ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కర్ణాటక కింద వచ్చే ప్యాకేజీలో నర్సు జీతానికంటూ విడిగా ఏమీ రాదు, మంచం ఖర్చులో కలిపేసి ఉంటుంది, ఇరవై వేలు ఎక్కడ నుంచి తేను అంటాడు. ఇందులో నిజముంది. ఆ ప్యాకేజీ లెక్క వేసిన ప్రభుత్వం నర్సును మంచంలో ఒక భాగంగా లెక్కించింది. డబ్బు కట్టే పేషెంటు బిల్లులో మాత్రం ‘నర్సింగ్ చార్జీ’ అని రోజుకింత చొప్పున విడిగా ఒక గీత ఉంటుంది. డిశ్చార్జి రోజున కౌంటరు దగ్గర డాక్టరు ఫీజు గురించి బేరమాడేవాళ్లుంటారు, మందుల బిల్లు గట్టిగా అడిగేవాళ్లుంటారు. ఆ గీత మీదున్న మొత్తంలో రాత్రంతా మేలుకున్న మనిషి చేతికి ఎంత పోతుందని అడిగేవాళ్లు అరుదు. అడిగితే చెప్పాల్సిన బాధ్యత ఆస్పత్రికి ఉండేలా రాష్ట్రం ఒక నియమం పెట్టవచ్చు. అందుకు సుప్రీంకోర్టు దాకా పోనక్కరలేదు, చరకుడి దాకా అసలే పోనక్కరలేదు.